మూటలోకి చెయ్యి

మా అక్క కొడుకు ఫోన్‌లో ఒకటే మాట అన్నాడు. "మామా, మన సంఘం వెబ్‌సైటు పెట్టించింది నువ్వే కదా, ఒగసారి వచ్చి సూసిపో." ఆ గొంతులో పిలుపు కంటే పంచాయితీ ఎక్కువుంది. ఆదోనిలో బస్సెక్కి పెద్దకడుబూరులో దిగాను.

ఈ పల్లెల నుంచి బెంగళూరు పోయేది చాలామటుకు కూలి పనులకే. వీడు వెబ్‌సైట్ల భద్రత పరీక్షించే పనికి పోయి, ఏడేళ్లు చేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు మిద్దె మీద రేకుల గదిలో కూర్చుని అదే పని. ల్యాప్‌టాప్, ఇన్వర్టరు, మూలన శనక్కాయల బస్తా. గదిలో నేను చూసింది అంతే. మిగతా పూటంతా వాడి వేళ్లే చూశాను.

సంఘం మా బడి పాత విద్యార్థులది. పై చదువులకు పోయే పేద పిల్లలకు ఏటా ఎంతో కొంత ఇస్తాం. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో తీసుకోవాలని పట్టుబట్టింది నేనే. ఫొటో, మార్కుల జాబితా, ఆధార్ కాపీ ఎక్కించడానికి ఏదో ఉచిత ప్లగిన్ తగిలించారు. తర్వాత మూడేళ్లు దాని మొహం చూసినవాడు లేడు.

వాడు సైటును ముట్టుకోలేదు. దాని నకలు ల్యాప్‌టాప్‌లో నడిపించాడు. నోట్‌ప్యాడ్‌లో సర్వర్ నడిపించే పీహెచ్‌పీ కోడ్ ఒకే ఒక్క వరుస రాసి, దాని నెత్తిన జీఐఎఫ్89ఎ అన్న ఆరు అక్షరాలు పెట్టాడు. జిఫ్ బొమ్మల ఫైళ్లు మొదలయ్యేది అలాంటి గుర్తుతోనే. ఫొటో పెట్టే చోట దాన్ని ఎక్కించాడు. ప్లగిన్ పచ్చ టిక్కు కొట్టి తీసుకుంది. ఆ ఫైలు అడ్రసు తెరిస్తే "లోపలుండా" అని తెర మీద వచ్చింది. ఆ ఒక్క మాట బదులు సైటంతా తుడిచేసే ఆజ్ఞ కూడా రాసుండొచ్చు.

"బొమ్మ అని పంపినోడు సెప్తే, ఇది నమ్ముతాండాది మామా."

మా నాయన ఆదోని మార్కెట్‌కు పత్తి తీసుకుపోయిన రోజులు గుర్తొచ్చాయి. కొనేవాడు మూటలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు పత్తి లాగి, పిడికిట్లో నొక్కి తేమ చూసేవాడు. పింజ సాగదీసి పొడవు చూసేవాడు. మా పత్తిని దొంగసరుకులా చూస్తున్నాడని ఆ చెయ్యి మీద నాకు అప్పట్లో మంట. ఇప్పుడు అలాంటి చెయ్యొకటి మా సైటుకు లేకపోయిందే అన్నాను.

"సెయ్యి పెట్టినా సాలదు" అన్నాడు వాడు. ఏ రకం ఫైళ్లు రాకూడదో జాబితా రాస్తే పీహెచ్‌పీకి పీహెచ్‌టీఎంఎల్ లాంటి చుట్టం ఏదో ఒకటి తప్పించుకుంటుందట. ఏవి రావచ్చో రాయాలి. వచ్చిన బొమ్మను విప్పి కొత్తగా తయారుచేయించాలి, పేరు మనమే పెట్టాలి, పీహెచ్‌పీ నడవని చోట దాచాలి.

ఆ చివరి మాట దగ్గర వాడొక సంగతి చెప్పాడు. జేక్వెరీ ఫైల్ అప్‌లోడ్ అని పేరున్న ప్లగిన్ ఉంది. ఎక్కిన ఫైళ్లు నడవకుండా చూసే పనిని అది సర్వర్ ఫోల్డర్‌లో ఉండే హెచ్‌టీయాక్సెస్ అనే చిన్న ఫైలుకు అప్పజెప్పింది. ఆ హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లను తమంతట తాము లెక్కచేయడం అపాచీ సర్వర్లు 2010లోనే మానేశాయి. కావలికాడిని తీసేశారు, ఇంటివాళ్లకు తెలియదు. ఎనిమిదేళ్ల తర్వాత, 2018లో ల్యారీ క్యాష్‌డాలర్ అనే పరిశోధకుడు ఈ లొసుగును బయటపెట్టాడు. ప్లగిన్ రాసినాయన వెంటనే సరిచేశాడు. కానీ అప్పటికే గిట్‌హబ్‌లో దానికి 7,800కు పైగా పిల్లకాపీలున్నాయి. వాటిని ఎవరు దిద్దుతారు?

2020 సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ ఫైల్ మేనేజర్ ప్లగిన్ కథ ఇంకా చిన్నది. నమూనాగా ఇచ్చిన ఒక ఫైలును నడిచే ఫైలుగా మార్చి అలాగే వదిలేశారు. లాగిన్ కాకుండానే ఎవరైనా ఏదైనా ఎక్కించే వీలుండింది. అది 7 లక్షలకు పైగా సైట్లలో ఉండింది.

నాకు చిరాకు ఎక్కడ పుట్టిందంటే, వీడి పనికి ఈ చుట్టుపక్కల గిరాకీ లేదు. సైటు కట్టించడానికి డబ్బులిస్తారు, పరీక్షకివ్వరు. "నడుస్తాంది కదప్పా" అంటారట. మా సంఘం మీటింగులో ఆ మాటే నేనూ అన్నాను.

తర్వాత వాడు అసలు సైటే తెరిచి, అడ్రసు చివరనున్న ఫైలు పేరు చెరిపి ఎంటర్ నొక్కాడు. పాస్‌వర్డు అడగలేదు. మూడేళ్లుగా దరఖాస్తు చేసిన పిల్లల ఆధార్ కాపీలు వరసగా దిగాయి. 2018లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు బయటపడినప్పుడు అధికారులను తిట్టినవాళ్లలో నేనొకణ్ణి.

"ఎవరైనా చూసుంటారా?"

"ఎట్ల తెలుస్తాది మామా? లాగ్ పెట్టుకోలేదు కదా." లాగ్ అంటే ఎవరొచ్చారో, ఏం తెరిచారో సర్వర్ రాసుకునే చిట్టా. కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు లాగులు 180 రోజులు దాచాలని దేశ సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. మా సంఘంలో ఆ మాట విన్నవాళ్లే లేరు.

చీకటి పడేలోగా ఫోల్డర్ మూసి, ప్లగిన్ పీకేశాడు. దరఖాస్తు చేసిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి జరిగింది చెప్పే పని నాకప్పజెప్పాడు. ఈ ఏడు సాయం కావలసిన పిల్లలు మార్కుల జాబితా జిరాక్సు తెచ్చి చేతికే ఇవ్వండి. ఆధార్ కాపీ అక్కర్లేదు. ఎందుకు అడిగామో మాలో ఎవరికీ గుర్తులేదు.