బేస్ కొనబోయే తమ్ముళ్లకి

చర్చి బ్యాండ్‌లోనో కాలేజీ బ్యాండ్‌లోనో కొత్తగా బేస్ పట్టిన తమ్ముళ్లు ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఫైవ్ స్ట్రింగ్ కొననా?"

నా మాట వింటే డబ్బంతా గిటార్ మీదే పెట్టేయకండి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఇంట్లో ప్రాక్టీసుకి కొన్న చిన్న ఆంప్ అంత కిందికి దిగలేదు. డ్రమ్స్ మొదలయ్యాయంటే మీరు వాయించేది మీకే వినపడదు, వాల్యూమ్ పెంచితే బురబురమంటుంది. సెకండ్ హ్యాండ్‌దైనా సరే, కాస్త పెద్ద ఆంప్ చూసుకోండి. స్టేజి మీద మంచి పీఏ (సౌండ్ సిస్టమ్) ఉంటే, గిటార్‌ని నేరుగా దానికి కలిపే డీఐ బాక్స్ ఒక్కటి చాలు.

గిటార్‌కి నాలుగు తీగలు చాలు. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల్లో జేమ్స్ జేమర్సన్ వాయించిన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కి ఉన్నవి నాలుగే, ఆ తీగలు కూడా ఆయన ఊరికే మార్చేవాడు కాదు. ఇళయరాజా పాటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, పల్లవి కింద బేస్ తన పాట తాను పాడుకుంటూ పోతుంది. ఎంత హాయో!

అన్నట్టు, కొనేముందు భుజాన తగిలించుకుని ఓ పావుగంట నిలబడండి. గిటార్ మెడ కిందికి వాలిపోతుంటే అది వద్దు, ఎడమ చెయ్యి దాన్ని మోయడానికే సరిపోతుంది.