రెక్కల బరువు

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి రాకెట్ల గొడవెందుకని మా ఇంట్లో నవ్వుతారు. 2024లో ఇస్రో రెక్కల వాహనానికి పెట్టిన పేరు నన్ను లాగింది. పుష్పక్! వాల్మీకి యుద్ధకాండలో రావణుడి ఆజ్ఞ మీద సీతని పుష్పకం ఎక్కిస్తారు, నేలకూలిన రామలక్ష్మణుల్ని చూపించడానికి. పక్కన త్రిజట. ఎటు పోవాలో, ఎప్పుడు తిరిగి రావాలో సీత చేతిలో లేదు.

తుర్కపల్లిలో మా ఎదురింటి అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. "అక్కా, ఆ రెక్కలు పైకెళ్ళేటప్పుడు ఉత్త బరువే. దిగేటప్పుడే వాటితో పని" అంది. అంటే తిరిగి రావడానికి కావలసినవన్నీ బయల్దేరేటప్పుడే మొయ్యాలి. రెక్కలు, చక్రాలు, వేడికి తట్టుకునే పలకలు. ఆ మేరకు సరుకు తగ్గుతుంది. రెక్కల్లేని ఫాల్కన్ 9 మొదటి దశ కొంత ఇంధనం దాచుకుని, ఇంజన్ల మంట మీద నిలువుగా దిగుతుంది. అదీ బరువే. రెక్క చిన్నదైతే తేలికే, కానీ దిగే వేగం పెరుగుతుంది. 2024 జూన్ 23న చిత్రదుర్గ దగ్గర పుష్పక్ గంటకి 320 కిలోమీటర్లకు పైగా వేగంతో రన్‌వేని తాకింది.

మరి రెక్క ఎంతుండాలో తేల్చేదెవరు? అమెరికా స్పేస్ షటిల్‌కి ఇంజనీరు మాక్సిమ్ ఫాజే తిన్నని చిన్న రెక్కలు గీశాడు. భూమిని ఒక్క చుట్టు చుట్టి బయల్దేరిన చోటికే రావాలి, అందుకు దారి నుంచి దాదాపు 2000 కిలోమీటర్లు పక్కకి మళ్ళగలగాలి అని వైమానిక దళం పట్టుబట్టింది. పెద్ద త్రికోణపు రెక్కలు అలా వచ్చాయి. 135 యాత్రల్లో ఆ ఒక్క చుట్టు ప్రయాణం ఒక్కసారీ జరగలేదు. మొయ్యడం మాత్రం ప్రతిసారీ జరిగింది.

2003లో కొలంబియా బయల్దేరినప్పుడు ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచుని పగలగొట్టింది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ అది ముక్కలైంది. అందులో ఉన్న కల్పనా చావ్లా గాలి సుడుల మీద పరిశోధించి 1988లో డాక్టరేట్ తీసుకున్న మనిషి. ఆమె ఫోటో తెలియని ఇల్లు లేదు గానీ ఆ పరిశోధన సంగతి ఎవరెత్తుతారు?

నాకు పుణెలో రెండేళ్ళ ఫెలోషిప్ వచ్చింది. నా సహచరుడి ఉద్యోగం ఇక్కడే, జీనోమ్ వ్యాలీలో. ఉత్తరం చూడగానే అత్తయ్య అడిగింది, "వారం వారం వస్తావుగా?" అని. తనూ నా మొహంలోకి చూశాడు. వారం వారం వచ్చేలా నన్ను నేను కట్టుకుంటే అక్కడ చదివేదెంత, రాసేదెంత? రెండు రాత్రులు లెక్కలు వేసుకున్నాను.

నెలకోసారి వస్తానని చెప్పాను.