వెన్నువాతం: మన చేతిలో ఉన్నదెంత?

మా కుటుంబంలో ఒకే వ్యాధి ఇద్దరికి వచ్చింది. ఒకరు మా మామూ, మరొకరు మా తమ్ముడు. వైద్యులు దీన్ని ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. వెన్నెముక కీళ్ళలో వాపు ఏళ్ళ తరబడి కొనసాగి, కొందరిలో పూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. మామూ నేడు తల ఎత్తి ఎదుటివారి ముఖం చూడలేరు. తమ్ముడు మాత్రం పదేళ్ళ తర్వాత కూడా రుకూ, సజ్దాలతో నమాజు చేయగలుగుతున్నాడు. ఈ తేడా ఎందుకని బంధువులు మమ్మల్ని అడుగుతుంటారు.

కొన్ని కారణాలు మన చేతిలో లేవు. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువుకు ఈ వ్యాధితో సంబంధం ఉందని 1973లోనే వెల్లడైంది. అయితే ఆ జన్యువు ఉన్నవారిలో అత్యధికులకు వ్యాధి రానే రాదు. కనుక ఇంట్లోని పిల్లలను చూసి బెంగపడనవసరం లేదు. పూసలు అతుక్కోవడం స్త్రీలకన్నా పురుషులలో ఎక్కువ. ఆరంభంలోనే తుంటి కీలు దెబ్బతిన్నా, రక్తంలో సీఆర్‌పీ చాలాకాలం అధికంగా ఉన్నా, పూసల మధ్య కొత్త ఎముక పెరిగినట్లు తొలి ఎక్స్‌రేలోనే కనిపించినా వెన్ను మరింత బిగుసుకునే అవకాశం హెచ్చు.

మామూకు తుంటి నొప్పి మొదట్లోనే వచ్చింది. ఆయన బీడీలు కూడా కాల్చేవారు. ఆయన స్థితికి బీడీలే కారణమని మేము చెప్పలేము. కానీ పొగతాగే రోగులలో వెన్ను ఎక్కువగా దెబ్బతింటున్నట్లు పరిశోధనలు తెలుపుతున్నాయి. ‘‘నా నడుము చూశావుగా బేటా, నువ్వయినా మానెయ్యి’’ అని మామూ అడిగిన నాటినుంచి తమ్ముడు సిగరెట్టు ముట్టలేదు.

త్వరగా గుర్తించడం కూడా ముఖ్యం. 45 ఏళ్ళలోపు మొదలై మూడు నెలలు దాటిన నడుము నొప్పి, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గుతుంటే, రాత్రి రెండో సగంలో నిద్ర లేపుతుంటే రుమటాలజిస్టును కలవాలి. నొప్పి తగ్గిందని మందులు సొంతంగా ఆపరాదు. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే వెంటనే కంటి వైద్యుణ్ణి చూడాలి.

బిడ్డ నొప్పితో ఉంటే పడుకోబెట్టాలనిపించడం తల్లికి సహజం. ఈ వ్యాధిలో కదలికే మేలు చేస్తుంది. అందుకే మా అమ్మీ ఫజ్ర్‌కు అరగంట ముందే తమ్ముణ్ణి లేపుతుంది. వైద్యులు నేర్పిన వ్యాయామం పూర్తయ్యేవరకు అతని పక్కనే కూర్చుంటుంది.