ఇంటిపేరు మాలేరి, ఉనికి టెక్సాస్

వేసవి సెలవులు వస్తే పిల్లలతో ఎటు వెళ్ళాలన్నది ప్రతి ఇంటా వచ్చే ప్రశ్న. నయాగరా, డిస్నీలాండ్ చాలామంది చూసినవే. టెక్సాస్‌లో ఉన్నవారికి మేము చెప్పదలచిన ఊరు లబ్బక్. డాలస్ నుంచి పడమరగా సుమారు 350 మైళ్ళు. ఊరు దగ్గరపడేకొద్దీ ఎటు చూసినా పత్తిచేలే.

అక్కడి టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయపు మ్యూజియం చూడడానికి మేము రెండు కార్లలో వెళ్ళాము. పిల్లలను మొదట ఆకట్టుకున్నది పోస్టోసూకస్. 'సూకస్' అంటే మొసలి. 'పోస్ట్' అన్నది దగ్గరలోని చిన్న ఊరు. ఉదయం పాలలో వేసుకు తినే సీరియల్ అమ్మి కోటీశ్వరుడైన సి. డబ్ల్యు. పోస్ట్ 1907లో కట్టించినది. ఆ ఊరి దగ్గర దొరికిన ఎముకలకు 1985లో ఆ పేరు పెట్టినవారు శంకర్ ఛటర్జీ గారు. కలకత్తాలో చదివి, ఈ విశ్వవిద్యాలయానికి వచ్చిన బెంగాలీ శాస్త్రజ్ఞుడు. తమ అబ్బాయి శువో పేరిట 1993లో శువోసారస్ అని ఇంకొక జంతువుకు పేరు పెట్టారు. మొదట దానిని రాక్షసబల్లి అనుకున్నారు. తరువాత అది మొసళ్ళ వంశానిదని తేలింది. అయినా పేరు మారలేదు. ఒకసారి పద్ధతి ప్రకారం పెట్టిన పేరును, అర్థం కుదరలేదని తీసివేయడానికి వీలులేదు.

ఈ పేర్ల పద్ధతి అమెరికా వారి కంటే మనకే తేలికగా అర్థమవుతుంది. ముందు ఇంటిపేరు, వెనుక సొంత పేరు. పైగా మన ఇంటిపేర్లు చాలా వరకు ఊళ్ళ పేర్లే కదా! ఆదిలాబాదు ప్రాంతంలో మాలేరి అనే ఊరుంది. అక్కడి ఎర్రమట్టి పొరలను భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. ఆ పొరలలో రెండు పెద్ద జంతువుల అస్థిపంజరాలు దొరికితే, వాటి పొట్టల్లో అవి మింగిన చిన్న జంతువులు కనిపించాయి. ఛటర్జీ గారు 1980లో ఆ చిన్నదానికి మాలేరిసారస్ రాబిన్సనే అని పేరు పెట్టారు. 'సారస్' అంటే బల్లి. రాబిన్సన్ అన్నది కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పరిశోధనకు పునాది వేసిన పమేలా రాబిన్సన్ గారి పేరు. స్త్రీ కనుక చివర 'ఏ' వచ్చింది.

1986లో ఆయనే టెక్సాస్‌లోని హోవర్డ్ కౌంటీ ఎముకలలో దాని చుట్టాన్ని గుర్తించి, మాలేరిసారస్ లాంగ్‌స్టనై అన్నారు. ఇది ఆస్టిన్‌లోని వాన్ లాంగ్‌స్టన్ గారి పేరిట, పురుషుడు కనుక 'ఐ'. సుమారు 22 కోట్ల ఏళ్ళ కిందట ఇండియా, అమెరికా ఒకే భూఖండంలో ఉండేవి. రెండు చోట్లా చుట్టాలు ఉండడంలో వింత లేదు.

కాని చుట్టరికానికి చిక్కు వచ్చింది. 2006లో కొందరు పండితులు టెక్సాస్ జంతువు మాలేరి వారిది కాదు, వేరే ఇంటిదన్నారు. ఆ మాటే నిలిస్తే మన ఊరి పేరు టెక్సాస్ నుంచి చెరిగిపోయేది. 2022లో పెద్ద బృందమొకటి ఎముకలన్నీ మళ్ళీ పోల్చి చూసి, చుట్టరికం నిజమేనని తేల్చింది. అంతేకాదు, ఆ శాఖ మొత్తానికి మాలేరిసారినే అని పేరు పెట్టింది.

అసలైన రాక్షసబల్లి కావాలనే పిల్లలకు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ ఉన్నది. 1988లో పి. యాదగిరి గారు పెట్టిన పేరు. ఇంటిపేరు ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట, సొంత పేరు ఎముకలు దొరికిన యామన్‌పల్లి. రెండూ ఊళ్ళే. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు.

ఇక్కడి బడిలో మన పిల్లల పేర్లు పలకలేక టీచర్లు కుదించి పిలుస్తారు. మాలేరిసారస్‌ను మాత్రం ఎవరూ కుదించలేదు. ఈ సంగతి తిరుగు ప్రయాణంలో పిల్లలకు చెబితే, మన ఇంటిపేరు ఏ ఊరిదని ఒక అమ్మాయి అడిగింది. పెద్దలు ఆ జవాబు సిద్ధం చేసుకుని మరీ లబ్బక్ బయలుదేరండి.