చుక్క కంట్లో పడుతోందా?

రాజాం దగ్గరి ఒక కంటి కేంద్రంలో ఉన్నవి రెండే గదులు. ఏడాది శిక్షణ పొందిన ఊరి అమ్మాయే విజన్ టెక్నీషియన్. నేను వెళ్లేసరికి ఆమె ఎదుట డెబ్బై దాటిన రైతు కూర్చున్నాడు. నీటికాసుల (గ్లాకోమా) జబ్బు. రోజూ రాత్రి లాటనోప్రోస్ట్ ఒక్కో చుక్క వేసుకోవాలి. అయినా కంటి ఒత్తిడి దిగలేదు.

"మందు ఏస్తన్నావా తాతా?"

"ఏస్తన్నానమ్మా."

ఆమె అంతటితో వదల్లేదు. ఉత్త కన్నీటి చుక్కల సీసా చేతికిచ్చి, "నా ముందోసారి ఎయ్యి" అంది. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది రెప్ప మీద. మూడోసారికి సీసా మూతి కంటికి తగిలింది. నెల రావలసిన మందు ఎందుకు ముందే అయిపోతోందో నాకు అక్కడే తెలిసింది. సీసా అయిపోయాక కొన్నాళ్లు మానేస్తాడట. "సూపు బాగానే ఉంది కదా, రెండ్రోజులు ఎయ్యకపోతే ఏటైపోద్ది?"

శుక్లం ఆపరేషనైతే త్వరలోనే చూపు తేటపడుతుంది. ఈ చుక్కల ఫలితం అలా కనపడదు. ఉన్న చూపును నిలుపుతాయంతే. దెబ్బతిన్న కంటినరం మళ్లీ బాగుపడదు. ముందు పక్కచూపు తరుగుతుంది కాబట్టి మనిషికి తెలియనే తెలియదు.

ఆమె ఓపిగ్గా నేర్పింది. తల వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి, ఒక్క చుక్క. కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కాలి, మందు ఒంట్లోకి దిగకుండా. రెండో మందుంటే ఐదు నిమిషాలు ఆగాలి. టిమోలాల్ ఆస్తమా ఉన్నవారికి ప్రమాదం కనుక ఆయాసం సంగతీ అడుగుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చినవారిని కిడ్నీల గురించి తప్పక అడగాలి. కంటి ఒత్తిడికిచ్చే ఎసిటజోలమైడ్ మాత్ర వాళ్లకు చేటు చేయవచ్చు.

పిల్లలు హైదరాబాద్‌కో చెన్నైకో వలసపోయిన ఇళ్లివి. వణికే చేతులతో ముసలివాళ్లే వేసుకోవాలి. అందుకే ఆ తాత మనవడికి ఆమె ఫోన్ కలిపి, రోజూ రాత్రి భోజనం వేళ గుర్తుచేయమంది. చుక్క వేసే పని పక్కింటి కోడలికి అప్పగించింది. నా దృష్టిలో ఆ రోజు జరిగిన అసలు వైద్యం ఇదే. విశాఖ హనుమంతవాకలో పెద్ద కంటి ఆసుపత్రి ఉంది, నిపుణులున్నారు. రాత్రి తాత ఇంటి అరుగు మీదికి వాళ్లు రాలేరు కదా.

మీ ఇంట్లో నీటికాసులున్న పెద్దవారుంటే "వేసుకున్నావా?" అని అడిగి ఊరుకోకండి. ఈ రాత్రి పక్కన నిలబడి, చుక్క కంట్లో పడుతోందో లేదో చూడండి.