చదవడం రానివారికి చోటెక్కడ?

పుస్తకాన్ని ఒక్కరమే కూర్చుని చదువుకోవచ్చు. దానిని గురించి మాట్లాడుకోవాలంటే మాత్రం ఇంకొకరు కావాలి. ఈ చిన్న సంగతి అర్థం కావడానికి, భార్యాభర్తలం ఇద్దరమూ ఉపాధ్యాయులమై ఉండి కూడా, మాకు చాలా కాలం పట్టింది. నేర్పినది ఏ పండితుడూ కాదు. గురజాల దగ్గర ఒక పల్లెలో మిరప కోతలకు వెళ్ళే ఒక పెద్దావిడ.

ఇది పాతికేళ్ళ క్రిందటి మాట. 2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది గానీ, అప్పట్లో మాది గుంటూరు జిల్లాయే. ఆ ఊరికి బదిలీ అయినప్పుడు వంట సామానుతోపాటు ఒక రేకు పెట్టెనిండా పుస్తకాలు తీసుకువెళ్ళాము. పాస్టరుగారితో సంప్రదించి, ప్రతి శనివారం దీపాలు పెట్టే వేళకు మా వసారాలో పుస్తకాల కూడిక ఉంటుందని ఆదివారం ఆరాధనలో ప్రకటన చేయించాము. మొదటి శనివారమే పద్దెనిమిదిమంది వచ్చారు. ప్రభువుకు స్తోత్రం చెల్లించి, ఎంతో ఉత్సాహంతో మొదలుపెట్టాము.

మొదట తీసుకున్నది పండిత రమాబాయి జీవిత కథ. మేము ఉపాధ్యాయులం గనుక కూడికను కూడా తరగతిలాగే నడిపాము. వంతులవారీగా ఒక్కొక్కరు ఒక్కొక్క పేజీ చదవాలి. తర్వాత మేము ప్రశ్నలు వేస్తాము. రమాబాయి ఏ సంవత్సరంలో పుట్టింది? ముక్తి మిషను ఏ ఊళ్ళో ఉంది? 1858, కేడ్గాఁవ్ అని చెప్పినవారిని మెచ్చుకునేవాళ్ళం.

మూడవ శనివారం వంతు పెద్దమ్మకు వచ్చింది. ఊరంతా ఆమెను అలాగే పిలుస్తారు. “మీరు చదవండమ్మా, నేనింటా” అన్నది. “ఫరవాలేదు పెద్దమ్మా, నిదానంగా చదవండి” అని పుస్తకం ఆమె చేతిలో పెట్టాము. ఆమెకు అక్షరాలు రావని మాకు తెలియదు. ప్రతి ఆదివారం ఆమె చేతిలో పాటల పుస్తకం చూసేవాళ్ళం. పాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చునని తర్వాత తెలిసింది. ఆమె ఆ పేజీని కాసేపు చూసి, పుస్తకం మూసి, కళ్ళకద్దుకుని పక్కవారికి అందించింది. వెనుక కూర్చున్న కుర్రవాళ్ళు కిసుక్కున నవ్వారు. మేము వారిని మందలించలేదు. వెంటనే తర్వాతివారిని చదవమన్నాము.

మరుసటి వారం పెద్దమ్మ రాలేదు. ఆమెతో వచ్చే నలుగురూ రాలేదు. రెండు నెలలు తిరిగేసరికి మేమిద్దరం, కాలేజీలో చదివే ఇద్దరబ్బాయిలు మిగిలాము. ‘పల్లెటూళ్ళలో పుస్తకాల మీద ఆసక్తి ఎక్కడుంటుంది!’ అని మాలో మేము అనుకున్నాము. తప్పు ఊరిదే అనుకోవడం ఎంతో సులువు.

ఆ వేసవికి ముందు, ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు కొనడానికి ఒక రైతు కల్లానికి వెళ్ళాము. ఆడవాళ్ళు వరుసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. వారి మధ్య పెద్దమ్మ రమాబాయి కథ చెబుతోంది. మేము చదివించిన మూడు వారాల భాగం పూస గుచ్చినట్టు చెబుతోంది! 1890లలో వచ్చిన కరువులో రమాబాయి దిక్కులేని ఆడపిల్లలను వందలుగా తన దగ్గరకు తీసుకువచ్చిందని చెప్పగానే ఒకామె చెయ్యి ఆపి అడిగింది: “అంతమంది పిల్లల్ని ఏం పెట్టి సాకింది?” ఇంకొకామె, “వాళ్ళల్లో ఎవరి పిల్లైనా వాళ్ళ అమ్మ కోసం ఏడ్చిందా?” అన్నది. పెద్దమ్మ, “అక్కడిదాకే ఇన్నానే. ఆ పైన నాకు తెలవదు” అన్నది.

మాకు తల కొట్టేసినట్టయింది. మేము అడిగింది పుట్టిన సంవత్సరం. వీరు అడిగింది పిల్లల ఆకలి. ఎవరు నిజంగా పుస్తకం చదివారు?

ఆ సాయంకాలమే పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, “మమ్మల్ని క్షమించండి పెద్దమ్మా” అన్నాము. ఆమె మంచం వాల్చి కూర్చోబెట్టి, “నాకు అచ్చరాలు లేవు గానీ చెవులున్నయి. మీరు చదవండి, మేమింటాం. ఇన్నాక మాత్రం మమ్మల్ని పరీచ్ఛ పెట్టబాకండి” అన్నది.

ఆ రాత్రి మేము నెహెమ్యా గ్రంథం ఎనిమిదవ అధ్యాయం తెరిచాము. ఎజ్రా ధర్మశాస్త్రము చదువుతుంటే జనులందరు విన్నారు. లేవీయులు దాని భావం తెలియజెప్పారు. అక్కడ వినడం చదవడం కంటె తక్కువ పని కాదు. మన పల్నాటి సంగతే చూడండి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ కథను కారంపూడిలో వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. శ్రీనాథుని పేర ఉన్న పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చు వేయించకముందే, అక్షరం రాని మన పెద్దలకు ఆ కథ కంఠస్థం. వినేవారి నేల ఇది. ఇక్కడ మేము చదవగలిగినవారికి మాత్రమే పీట వేశాము.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పద్ధతి మార్చుకున్నాము. బాగా చదివేవారు ఒక్కరే ఇరవై నిమిషాలు చదవాలి. తర్వాత మొదట మాట్లాడేది విన్నవారు, చివర మాట్లాడేది మేము. సంవత్సరాలూ పేర్లూ అడగకూడదు. ‘ఆ స్థితిలో మీరైతే ఏం చేసేవారు?’ అని ఒక్కటే ప్రశ్న. కూడికలో విన్న ఇంటి మాటలు వీధిలోకి మోయకూడదు. నెలకొకరు పెద్దరికం వహించాలి. మిరప కోతల రోజుల్లో కూడిక పదిహేను రోజులకొకసారి.

ఇంకొక పని కూడా చేశాము. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం నుండి కాలువ మీద పడవలో పుస్తకాలు ఊరూరికీ పంపారు. మనుషులు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే వారి దగ్గరకు వెళ్ళాలన్నది ఆ పెద్దల ఆలోచన. 1967లో సాగర్ నీళ్ళు వదిలేదాకా మన మెట్టకు అటువంటి కాలువ ఎక్కడిది? మాకు పడవ లేదు గనుక గుడ్డసంచి కుట్టించాము. ఆ సంచి వారానికొక ఇంట్లో ఉండేది. అన్నం వేళకు కల్లానికీ వెళ్ళేది. కోతకు వచ్చిన కాలేజీ పిల్లలు చెట్టు కింద కూర్చుని చదివేవారు.

అసలు పరీక్ష మరుసటి ఏడు వచ్చింది. మన వినుకొండలో 1895లో పుట్టిన జాషువగారి ‘గబ్బిలం’ తీసుకున్నాము. పద్యం చదివి, కష్టమైన మాటకు అర్థం చెప్పి, ముందుకు సాగేవాళ్ళం. గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు, గుడిలోకి వెళ్ళగలిగిన గబ్బిలంతో కాశీలోని శివునికి తన మొర పంపుకుంటాడు. ఒక అబ్బాయి లేచి, “క్రైస్తవులమైన మనం ఈ పుస్తకం చదవవచ్చా?” అన్నాడు. కొందరు అవునన్నారు, కొందరు కాదన్నారు. గొంతులు పెరిగాయి.

అప్పుడు పెద్దమ్మ నిదానంగా అన్నది: “గుళ్ళోకి రానీయలేదని ఆయన గబ్బిలంతో చెప్పుకున్నాడు. అది సరే. ఇక్కడ కుర్చీలెవరివి, కింద కూర్చునేదెవరు?”

ఎవరూ మాట్లాడలేదు. మా వసారాలో ఆరు కుర్చీలుండేవి. మేమూ, సంఘ పెద్దలూ, భూమి ఉన్నవారూ వాటిలో కూర్చునేవారు. కూలికి వెళ్ళేవారు గచ్చు మీద కూర్చునేవారు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. వద్దని కూడా మేము చెప్పలేదు.

తర్వాతి శనివారం కుర్చీలు లోపల పెట్టి, ఈ చివర నుండి ఆ చివరకు చాపలు పరిచాము. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే నేల కదా మనది! ఆ మాట పాఠశాలలో ఎన్నిసార్లు చెప్పామో. మా వసారాలో చాప పరవడానికి మాత్రం ఒక కూలి తల్లి అడగవలసి వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్నవారికి గోడవారగా ఒక బల్ల వేశాము. దాని మీద ఎవరైనా కూర్చోవచ్చు. ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకుని కొన్ని నెలల తర్వాత వచ్చారు. ఒక కుటుంబం మళ్ళీ రానేలేదు. ఆ బాధ మాకు ఇప్పటికీ ఉంది. కాని కుర్చీలు తిరిగి బయట పెట్టలేదు.

మాకు బదిలీ అయినప్పుడు కూడిక ఆగిపోతుందేమోనని దిగులుపడ్డాము. ఆగలేదు. నెలకొకరు నడిపే అలవాటు అప్పటికే వచ్చింది గనుక ‘అయ్యవారి కూడిక’ కాస్తా ఊరి కూడిక అయింది. ఈ మధ్య వెళ్ళినప్పుడు ఒక అమ్మాయి సెల్‌ఫోనులో చూసి కథ చదువుతోంది. వినేవారు చాప మీదే ఉన్నారు.

పెద్దమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఆమెకు చివరిదాకా అక్షరాలు రాలేదు. ఆమె దగ్గర అంత నేర్చుకున్న మేము, రోజూ పిల్లలకు అక్షరాలు దిద్దించే మేము, ఆమె పక్కన కూర్చుని నేర్పే ప్రయత్నం చేయలేదు. వినడంతోనే ఆమెకు తృప్తి అనుకున్నాము. ఆమె పాటల పుస్తకంలోని ఒక్క పాటయినా కళ్ళతో చదువుకుని ఉంటే ఎంత సంతోషించేదో! ఈ వెలితి మా దగ్గరే ఉండిపోయింది.

ప్రియ పాఠకులారా, మీ సంఘంలోనో మీ వీధిలోనో పుస్తకాల కూడిక మొదలుపెడితే చాలా సంతోషం. ఏ పుస్తకం తీసుకోవాలి అని ఆలోచించే ముందు, చదవడం రానివారు ఎక్కడ కూర్చుంటారో చూడండి. వారిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి. వారి మాట ముందు వినండి. వారు ఇష్టపడితే, అక్షరాలు నేర్పడం కూడా ఆ రోజే మొదలుపెట్టండి. మాలాగా ఆలస్యం చేయకండి.