గ్లైడర్లు ఎగరని వేసవి

"ఇంజిన్ లేని విమానం నడపడానికి ఇంత చదువు కావాలా అండీ?" అని ఒక తల్లి నన్ను అడిగింది. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కూతురికి పదహారు. ఇంజిన్ లేదు కాబట్టే ఎక్కువ చదవాలమ్మా, దిగేటప్పుడు అంచనా తప్పితే ఇంకో చుట్టు తిరిగొచ్చే వీలు దానికి ఉండదు అని చెప్పాను. ఆ జవాబుతో ఆవిడకు ధైర్యం రాకపోగా ఉన్నది కూడా పోయింది.

నేను టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉంటాను. బతుకుతెరువు సాఫ్ట్‌వేర్. సరదా కొద్దీ ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకున్నాను. అది ఉందని తెలిసి, దగ్గర్లోని ఎయిర్ క్యాడెట్ స్క్వాడ్రన్ వాళ్లు శనివారాలు వచ్చి పిల్లలకు పాఠం చెప్పమన్నారు. కెనడాలో ఎయిర్ క్యాడెట్లు 1941 నుంచీ ఉన్నారు. పన్నెండేళ్లకు చేరొచ్చు, పంతొమ్మిది నిండితే మానేయాలి. సైన్యంలో చేరాలనే షరతేమీ లేదు. పదహారేళ్ల వాళ్లకు వేసవిలో గ్లైడర్ శిక్షణ, పదిహేడేళ్ల వాళ్లకు ఇంజిన్ విమానం శిక్షణ. బయట నేర్చుకుంటే ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి పదివేల డాలర్ల పైమాటే. ఇక్కడ సీటు వస్తే ఖర్చు ఉండదు. సీటు రావడమే కష్టం. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, బడి మార్కులు, వైద్య పరీక్ష, అన్నీ గట్టెక్కాలి.

2019 శరదృతువులో మొదలుపెట్టాం. బడి వాళ్లిచ్చిన గది. శనివారం కాబట్టి హీటరు సగమే వేసేవాళ్లు. పిల్లలు కోట్లు విప్పకుండానే కూర్చునేవాళ్లు. వాతావరణం, విమానయాన చట్టం, దిశానిర్దేశం, రెక్క మీద గాలి నడిచే తీరు, ఇంజిన్ భాగాలు, రేడియోలో మాట్లాడే పద్ధతి. 'ఫ్రమ్ ది గ్రౌండ్ అప్' అనే లావుపాటి పుస్తకం అందరి ముందూ ఉండేది. వారమంతా బడి, సాయంత్రాలు ట్యూషన్లు, కొందరికి పార్ట్‌టైమ్ ఉద్యోగాలు. వాళ్లకు మిగిలిన ఒక్క ఉదయాన్ని కూడా నేను లాక్కుంటున్నానని తెలుసు. అందుకే కుదిరినప్పుడల్లా పుస్తకం మూసేసి లెక్క ఇచ్చేవాణ్ణి.

వాళ్లకు బాగా పట్టిన లెక్క ఒకటుంది. బోయింగ్ 767కి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. ఇంకా ఎన్ని లీటర్లు పోయాలి? లీటరు ఇంధనం 0.8 కిలోల పైన చిల్లర తూగుతుంది. అలా చేస్తే ఇంచుమించు 20,000 లీటర్లు వస్తుంది. ఇప్పుడు ఆ అంకె తీసేసి 1.77తో చేయండి అనేవాణ్ణి. 4,917 వస్తుంది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా 143వ నంబరు విమానంలో పోసింది అంతే. 1.77 అనేది లీటరు బరువు పౌండ్లలో. 41,000 అడుగుల ఎత్తున హెచ్చరికలు మొదలయ్యాయి, కాసేపటికి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. అంత పెద్ద విమానాన్ని గ్లైడర్‌లాగే పక్కకు వాల్చి ఎత్తు తగ్గించుకుంటూ, గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరం రన్‌వే మీద దించాడు. 69 మందీ బతికారు. లెక్క తప్పడం, గ్లైడర్ విద్య కాపాడటం రెండూ ఒకే కథలో ఉన్నాయి. ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

నెల్లూరు అమ్మాయి చురుకు. క్లాసులో 'సర్', ఇంటికొస్తే 'అంకుల్'. వాళ్లు శిక్షణ పొందబోయే ష్వైజర్ 2-33 గ్లైడర్ వెయ్యి అడుగుల ఎత్తు నుంచి, గాలి లేనప్పుడు, ఏడు కిలోమీటర్ల దాకా జారుతుందని చెబితే, "ఎదురుగాలి ఉంటేనో?" అని వెంటనే అడిగింది. అలా అడిగేవాళ్లకు పాఠం చెప్పడం హాయి.

నా గుండెలో నిలిచిపోయినవాడు మాత్రం ఇంకో కుర్రాడు. ఫిలిప్పీన్స్ కుటుంబం, తల్లి వృద్ధాశ్రమంలో ఆయా. శుక్రవారం రాత్రి కిరాణా గోదాములో పని చేసి, పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చేవాడు. అంతకుముందు గ్లైడర్ సీటు త్రుటిలో తప్పింది. ఇప్పుడు ఇంజిన్ విమానానికి పోటీ. 2021 జనవరికి పంతొమ్మిది నిండుతాయి, అంటే 2020 వేసవే ఆఖరి అవకాశం. ఇంటర్వ్యూ కోసం మేం పదే పదే అభ్యాసం చేయించాం. తలుపు దగ్గర ఆగడం, సెల్యూట్, చెప్పినప్పుడే కూర్చోవడం. అవన్నీ బాగా చేసేవాడు. "నీకే ఎందుకివ్వాలి?" అంటే మాత్రం గొంతు పడిపోయేది. ఇంట్లో తన గురించి గొప్పగా చెప్పుకోవడం తప్పని పెంచారు. ఆ కష్టం మన ఇళ్లలో పెరిగినవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అసలు ఇంటర్వ్యూ అయి బయటికొచ్చి, "చెప్పాను సర్" అన్నాడు. అంతే.

2020 మార్చి మధ్యలో కోవిడ్ వల్ల ముఖాముఖి క్లాసులన్నీ ఆపేశారు. అప్పటికి ఎంపిక ఫలితాలు మాకు చేరలేదు. ఆ తర్వాత వేసవి శిక్షణ మొత్తం రద్దు. కబురు చెప్పడానికి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరు ఏడ్చారు, ఒకడు "అయితే రేపటి క్లాసు ఉందా లేదా?" అని కోపంగా అడిగాడు. నెల్లూరు అమ్మాయి తల్లి ఫోన్ తీసుకుని, "అది అన్నం తినడం లేదండీ, మీరైనా చెప్పండి" అంది. ఎగరొద్దని మొక్కుకున్న మనిషే!

క్లాసు ఆన్‌లైన్‌లో నడిపాను. అది వాళ్ల కోసమో నా కోసమో ఇప్పటికీ చెప్పలేను. లేని విమానానికి దారి గీయించడం ఓదార్పా, పుండు మీద కారమా? మా ఇంటి మీదుగా వెళ్లి టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో దిగే విమానాల మోత ఆగిపోయింది. మేఘాల గురించి చెబుతూ కిటికీలోంచి చూడమంటే, "విమానమే లేదు సర్" అని ఎవరో ఒకరు అనేవాళ్లు.

ఆ వసంతంలో ఒంటారియో వృద్ధాశ్రమాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. కొన్ని చోట్ల చేయిసాయానికి సైనికులను దింపాల్సి వచ్చింది. కుర్రాడి తల్లి డ్యూటీ మానలేదు. ఇంటికొచ్చి బేస్‌మెంట్‌లో విడిగా పడుకునేది. వీడు తమ్ముడికి వండిపెట్టి, మెట్ల మీద తల్లికి కంచం పెట్టి, కెమెరా ఆపుకుని క్లాసులో కూర్చునేవాడు. ఓసారి మధ్యలో నేను ప్రశ్న వేస్తే జవాబు రాలేదు. చివర్లో సందేశం పెట్టాడు: "సారీ సర్, అమ్మకు దగ్గు మొదలైంది." రెండు వారాలు నేను పడ్డ భయం పెద్దగా చెప్పుకోదగ్గది కాదు, వాడు పడ్డదాని ముందు. ఆవిడ కోలుకుంది.

2021 వేసవి కూడా మామూలుగా సాగలేదు. అప్పటికే వాడికి పంతొమ్మిది నిండాయి. యూనిఫాం తిరిగిచ్చేశాడు. తర్వాత విమానాల మరమ్మతు కోర్సులో చేరాడు. జీతం మిగిలిన నెల ఫ్లయింగ్ క్లబ్బుకు వెళ్లి గంటకు డబ్బు కట్టి నేర్చుకుంటున్నాడు. కాలేజీ వాళ్లకు సిఫారసు ఉత్తరం కావాలని వచ్చినప్పుడు అడిగాడు, ఆ ఇంటర్వ్యూలో తనకు మార్కులు ఎన్ని వచ్చాయో తెలుస్తుందా అని. తెలిసినవాళ్లందరినీ అడిగి చూశాను. ఆ ఏడాది జాబితా మా దాకా రానే లేదు.